రైల్వే రేడియో డిజిటలీకరణ - భద్రతాంశాలు

లోకోపైలటు, గార్డు, స్టేషను మాస్టరు పరస్పరం మాట్లాడుకొనే రేడియో వ్యవస్థను అనలాగ్ పద్ధతి నుండి డిజిటల్ పద్ధతికి మార్చడాన్ని రైల్వే రేడియో డిజిటలీకరణ అంటారు. దీనివలన ప్రయోజనాలు అనేకం. అయితే మార్పు జరిగే కాలంలో కొన్ని కొత్త ప్రమాదాలు కూడా తలెత్తుతాయి.

నేపథ్యం

గుంటూరు, ప్రకాశం మైదానాలలో రెండు ముఖ్యమైన రైలు మార్గాలున్నాయి. ఒకటి తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు మీదుగా సాగే విజయవాడ - చెన్నై మార్గం. రెండవది నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం రోడ్డు, గిద్దలూరు మీదుగా నల్లమల దాటే గుంటూరు - నంద్యాల మార్గం. పత్తి, మిరప పండే ఈ ప్రాంతం నుండి సరుకు రవాణా కూడా ఉంది. 2020 జూలైలో రెడ్డిపాలెం నుండి ఎండుమిర్చితో ఒక ప్రత్యేక పార్శిల్ రైలు బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు వెళ్ళింది.

భారతీయ రైల్వేలో సాధారణంగా లోకోపైలటు, గార్డుల వద్ద 5 వాట్ల వాకీటాకీలు, స్టేషన్లలో 25 వాట్ల సెట్లు ఉంటాయి. ఒకే పౌనఃపున్యంపై ఉన్న సెట్లు మధ్యలో టవరు అవసరం లేకుండా నేరుగా మాట్లాడుకోగలవు. ఒకరి మాట పరిసరాలలోని వారందరికీ వినబడుతుంది. రైల్వే సొంత ఎల్‌టిఇ వ్యవస్థ కోసం 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో 5 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ కేటాయింపును ఆమోదించింది.

ప్రమాదాంశాలు

*హఠాత్తుగా మాట ఆగిపోవడం:* అనలాగ్ రేడియోలో సంకేతం బలహీనపడే కొద్దీ రొద పెరుగుతుంది. రొదలోనైనా మాటను పోల్చుకోవచ్చు. దూరం పెరుగుతోందని వినేవారికి ముందే తెలుస్తుంది. డిజిటల్ రేడియోలో దోష సవరణ వలన చివరి వరకు మాట స్పష్టంగా ఉండి, హద్దు దాటగానే పూర్తిగా ఆగిపోతుంది. నల్లమల వంటి కొండదారులలో ఈ తేడా ముఖ్యమైనది.

*పరిసరాల శబ్దం:* డిజిటల్ సెట్టు మానవ స్వరానికి అనుగుణంగా శబ్దాన్ని కుదిస్తుంది. ఇంజను హోరు తోడైతే మాట వికృతం కావచ్చు. అమెరికాలో 2008లో ప్రచురితమైన అగ్నిమాపక రేడియో ప్రయోగాలలో, కొన్ని రకాల తీవ్ర శబ్దాల మధ్య అనలాగ్ మాటే మెరుగుగా అర్థమైంది.

*అక్షరాలు తెగిపోవడం:* మీట నొక్కగానే మాట్లాడితే మొదటి అక్షరం, ముందుగా వదిలితే చివరి అక్షరం పోవచ్చు. తెలుగులో నిషేధార్థం సాధారణంగా క్రియ చివరనే వస్తుంది. "రావచ్చు", "రావద్దు" అనే మాటలకు తేడా ఒక్క అక్షరమే.

*మిశ్రమ పరికరాలు:* డిజిటల్ ప్రసారం అనలాగ్ సెట్టులో అర్థంకాని గరగర శబ్దంగానే వినబడుతుంది. వేరే డివిజన్ల నుండి వచ్చే ఇంజన్లలో పాత సెట్లుంటే అత్యవసర పిలుపు వారికి అందదు.

*టవర్లపై ఆధారపడటం:* ఎల్‌టిఇ వ్యవస్థకు టవర్లు, విద్యుత్తు, ఫైబరు తంతులు అవసరం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. అటువంటి సమయంలో టవర్లు పనిచేయకపోతే ప్రత్యామ్నాయం ఉండాలి.

అనలాగ్ పద్ధతి లోపాలు

పాత పద్ధతిని కొనసాగించడం కూడా సురక్షితం కాదు. పోలండ్‌లో రైళ్ళను అత్యవసరంగా ఆపే అనలాగ్ సంకేతానికి పంపినవారిని ధ్రువీకరించే ఏర్పాటు లేదు. 2023 ఆగస్టులో అనధికార వ్యక్తులు ఆ స్వరాలను ప్రసారం చేసి సుమారు 20 రైళ్ళను ఆపివేశారు. డిజిటల్ పద్ధతిలో పిలిచినవారి గుర్తింపు, అత్యవసర పిలుపుకు ప్రాధాన్యం, సంభాషణల గోప్యత సాధ్యమవుతాయి.

జాగ్రత్తలు

* మార్గంలో తిరిగే ఇంజన్లన్నీ మారేవరకు పాత, కొత్త వ్యవస్థలను సమాంతరంగా నడపడం.
* టవరు లేకపోయినా సెట్లు నేరుగా మాట్లాడుకొనే సదుపాయం ఉంచడం.
* నడుస్తున్న ఇంజనులో, నిజమైన శబ్దం మధ్య పరీక్షించడం.
* మీట నొక్కి క్షణమాగి మాట్లాడటం, విన్న ఆదేశాన్ని తిరిగి చదివి వినిపించడం.

రేడియో మాట సిగ్నలుకు ప్రత్యామ్నాయం కాదు. పట్టాలు తప్పిన రైలు పక్క లైనుకు అడ్డుపడితే సిబ్బంది ఇంజను ఫ్లాషర్ దీపం వెలిగించాలి. బ్రాడ్‌గేజ్‌పై 600 మీటర్ల వద్ద ఒకటి, 1,200 మీటర్ల వద్ద మూడు డిటొనేటర్లు పట్టాలపై అమర్చాలి. కాలినడకన అంత దూరం చేరేలోపే ఎదురు రైలు రావచ్చు. ఆ వ్యవధిలో హెచ్చరిక అందించగలిగేది రేడియో. అందువలన అది ఏ పద్ధతిలో ఉన్నా, ఆ ఒక్క పిలుపు తప్పక అందేలా చూడటమే డిజిటలీకరణలో ప్రధానాంశం.