'బ్యాటరీ ఎన్నేళ్లొస్తుందండీ?'

కొన్నరోజు ఏ కారైనా బాగానే ఉంటుంది. అసలు పరీక్ష పాతబడ్డాకే! ఎలక్ట్రిక్‌ కార్లను ఏళ్ల తరబడి నడిపి చూసినవాళ్ల అనుభవం ఏం చెబుతోంది?

కొత్త కారు గుమ్మం ముందుకొచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. పిల్లలు హారన్‌ మోగించారు. అంతా అయ్యాక పక్కింటాయన వచ్చి కారు చుట్టూ ఓసారి తిరిగి చూస్తాడు. అది పెట్రోలు కారయితే 'మైలేజీ ఎంతిస్తుంది?' అంటాడు. ఎలక్ట్రిక్‌ కారయితే మాత్రం... 'అంతా బాగానే ఉంది కానీ, బ్యాటరీ ఎన్నేళ్లొస్తుందండీ?'

న్యాయమైన ప్రశ్నే. ఎలక్ట్రిక్‌ కారులో అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే మరి. వాయిదాలు తీరి హమ్మయ్య అనుకునే సమయానికి లక్షల రూపాయల బిల్లు చేతిలో పడితే? జీవితంలో ఒకటో రెండో కార్లు కొనుక్కునే మధ్యతరగతి కుటుంబానికి అది పిల్లల చదువు ఫీజుతో సమానం. అందుకే ఆ భయం. అయితే, జవాబు కోసం ఊహల మీద ఆధారపడాల్సిన పనిలేదు. పాతికేళ్లుగా లోకం ఈ కార్లను నడుపుతూనే ఉంది!

బెంగళూరు చెప్పిన పాఠం

మనదేశంలో ఈ కథ 2001లో బెంగళూరులో మొదలైంది. మైనీ గ్రూపు, అమెరికా సంస్థ ఒకటి కలిసి పెట్టిన కంపెనీ 'రేవా' అనే బుల్లి ఎలక్ట్రిక్‌ కారును రోడ్డెక్కించింది. రెండు తలుపులు, డెంట్లు పడని ప్లాస్టిక్‌ బాడీ. ఒక్కసారి చార్జ్‌ చేస్తే 80 కిలోమీటర్లు. లండన్‌లో ఇదే కారు 'జీ-విజ్‌' పేరుతో తిరిగింది.

అందులో ఉన్నవి ఎనిమిది లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీలు. మన ఇంట్లో ఇన్వర్టర్‌కి ఉండే బ్యాటరీకి దగ్గరి చుట్టాలే. వాటికీ డిస్టిల్డ్‌ వాటర్‌ పోస్తుండాలి. వాటికీ ఆయుష్షు తక్కువే... మూడేళ్లు అటూ ఇటూ. ప్లాస్టిక్‌ బాడీకి తుప్పు పట్టలేదు, మోటారు మొరాయించలేదు. కానీ బ్యాటరీల సెట్టు మార్చినప్పుడల్లా యజమాని జేబుకి చిల్లు పడేది. 'ఎలక్ట్రిక్‌ కారంటే మూడేళ్లకోసారి బ్యాటరీ మార్చాలి' అన్న మాట జనంలో నాటుకుపోయింది అప్పుడే. 2009లో రేవా లిథియం అయాన్‌ బ్యాటరీకి మారింది. మరుసటేడు మహీంద్రా ఆ కంపెనీని చేజిక్కించుకుంది. బ్యాటరీ మారింది కానీ, జనంలో భయం మాత్రం ఇంకా పాత బ్యాటరీ దగ్గరే ఆగిపోయింది!

ఎడారి చూపించిన నిజం

లిథియం వస్తే సమస్యలన్నీ తీరిపోయాయా? లేదు. 2010 డిసెంబరులో అమెరికా, జపాన్‌లలో నిస్సాన్‌ కంపెనీ 'లీఫ్‌' అనే కారు తెచ్చింది. కుటుంబమంతా హాయిగా కూర్చోవచ్చు. అందరూ మెచ్చుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే, 2012లో అరిజోనా రాష్ట్రం నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. అక్కడి ఫీనిక్స్‌ నగరంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. లీఫ్‌ డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ సత్తాను చూపించే గీతలు పన్నెండుంటాయి. చల్లటి ప్రాంతాల్లో అవి చెక్కుచెదరకుండా ఉంటే, ఫీనిక్స్‌లో ఒక్కొక్కటీ మాయం కాసాగాయి.

కారణం వేడి. ఆ కారు బ్యాటరీని చల్లబరచడానికి ద్రవం ప్రవహించే ఏర్పాటు లేదు. విమర్శలు పెరగడంతో నిస్సాన్‌ 2012 చివర్లో దిగొచ్చింది. ఐదేళ్లు లేదా 60 వేల మైళ్ల లోపు గీతలు తొమ్మిదికన్నా తగ్గితే తామే బాగుచేస్తామంటూ హామీ ఇచ్చింది. వేడిని తట్టుకునేలా బ్యాటరీ రసాయనాన్నీ మెరుగుపరిచింది.

రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం ఎండలు ఎరిగిన మనకు ఈ కథ వేరే వివరించక్కర్లేదు. అందుకే కారు కొనేటప్పుడు రంగూ, స్క్రీనూ చూడటానికన్నా ముందు, బ్యాటరీని చల్లబరిచే పద్ధతేమిటని అడగాలి. 2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్‌ ఈవీ లాంటివి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటుతోనే వచ్చాయి. ఎండను కాస్త ఎక్కువగా ఓర్చుకునే లిథియం ఐరన్‌ ఫాస్ఫేట్‌ రకం బ్యాటరీని వాడాయి. షోరూముల్లో దీన్నే 'ఎల్‌ఎఫ్‌పీ' అంటారు.

గిన్నె అడుగున పొరలా...

ఇంతకీ బ్యాటరీ ఎందుకు ముసలిదవుతుంది? చార్జింగ్‌ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒకవైపు నుంచి రెండోవైపుకి వెళ్లి గ్రాఫైట్‌ పొరల మధ్య సర్దుకుంటాయి. కారు నడుస్తుంటే వెనక్కి వస్తాయి. ఇలా వెళ్లి వచ్చే క్రమంలో పాలగిన్నె అడుగున పేరుకున్నట్టుగా ఓ సన్నని పొర ఏర్పడుతుంది. ఆ పొర కొంత లిథియాన్ని తనలోనే పట్టేసుకుంటుంది. తిరిగే అయాన్లు తగ్గితే కారు నడిచే దూరమూ తగ్గుతుంది. మంట పెద్దదైతే పాలు అడుగంటినట్టే, వేడి పెరిగితే ఈ పొరా తొందరగా మందమవుతుంది. నిండా చార్జ్‌ చేసి ఎండలో రోజుల తరబడి వదిలేసినా అంతే.

అలాగని ఒకరోజు ఉదయాన్నే బ్యాటరీ 'పోదు'. తరుగుతుంది. అదీ మెల్లగా. వేల కార్ల నుంచి సేకరించిన సమాచారాన్ని జియోటాబ్‌ అనే సంస్థ 2024లో విశ్లేషిస్తే, బ్యాటరీ సామర్థ్యం ఏడాదికి సగటున 1.8 శాతం తగ్గుతున్నట్టు తేలింది. అంటే, కొన్నప్పుడు 300 కిలోమీటర్లు నడిచే కారు, ఎనిమిదేళ్ల తరవాత సుమారు 255 నుంచి 260 కిలోమీటర్లు నడుస్తుందన్నమాట. ఇది సగటు మాత్రమే. ఎండ, ఫాస్ట్‌ చార్జింగ్‌ అలవాటును బట్టి కొన్నిటిలో తరుగుదల ఎక్కువే ఉంటుంది.

దారిలో ఆపేది చిన్న బ్యాటరీ!

పెద్ద బ్యాటరీ గురించి అంత బెంగపడతాం కానీ, కారును రోడ్డు మీద నిలబెట్టేది చాలాసార్లు చిన్న బ్యాటరీయే. ఔను, ఎలక్ట్రిక్‌ కారులోనూ పన్నెండు వోల్టుల మామూలు బ్యాటరీ ఒకటుంటుంది. తాళాలు, లైట్లు, కంప్యూటర్లు దానిమీదే పనిచేస్తాయి. అది చచ్చుబడితే, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు నిద్ర లేవదు.

జర్మనీలో చెడిపోయిన వాహనాలకు సాయం చేసే ఏడీఏసీ అనే సంఘం ఏటా లెక్కలు ప్రకటిస్తుంది. 2024 లెక్కల ప్రకారం, రెండు నుంచి నాలుగేళ్ల వయసున్న కార్లలో, ప్రతి వెయ్యి పెట్రోలు, డీజిల్‌ కార్లకూ 10.4 సార్లు సాయం అవసరమైతే, ఎలక్ట్రిక్‌ కార్లకు 4.2 సార్లే. ఆ కొద్దిలోనూ సగం కేసులకు కారణం ఈ చిన్న బ్యాటరీయే.

నాణేనికి రెండోవైపూ ఉంది. అమెరికాలోని కన్స్యూమర్‌ రిపోర్ట్స్‌ సంస్థ 2023లో యజమానులను అడిగితే, ఎలక్ట్రిక్‌ కార్లలో పెట్రోలు కార్లకన్నా 79 శాతం ఎక్కువ సమస్యలున్నట్టు బయటపడింది. రోడ్డు మీద ఆగిపోయేంత పెద్దవన్నీ కావు. చార్జింగ్‌ సరిగా ఎక్కకపోవడం, ఎలక్ట్రానిక్‌ పరికరాలు తికమకపడటం, తలుపులు సరిగా అమరకపోవడం లాంటివీ అందులో ఉన్నాయి. కంపెనీలకి ఈ కార్లు కొత్త, చాలా మోడళ్లూ కొత్తే. అందుకే కొత్త మోడల్‌ విడుదలైన మొదటి నెలలోనే పరుగెత్తే కన్నా ఓ ఏడాది ఆగి, వాడినవాళ్లను అడిగి కొనుక్కోవడం మేలు.

అరుదుగానైనా పెద్ద లోపాలూ బయటపడ్డాయి. 2021లో జనరల్‌ మోటార్స్‌ సంస్థ తాను అమ్మిన షెవర్లే బోల్ట్‌ ఎలక్ట్రిక్‌ కార్లన్నిటినీ వెనక్కి పిలిచింది. దాదాపు లక్షా నలభై వేల కార్లు! బ్యాటరీ సెల్‌ తయారీలో జరిగిన లోపం వల్ల మంటలంటుకునే ప్రమాదముందని తేలడమే కారణం. పాత బోల్ట్‌ ఉన్నవాళ్లలో చాలామందికి పైసా ఖర్చులేకుండా కొత్త బ్యాటరీ దక్కింది. కంపెనీ నుంచి ఫోన్‌ వచ్చినా, ఉత్తరం వచ్చినా పక్కన పడేయకూడదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

లెక్క రాసి చూస్తే...

ఇక డబ్బు సంగతి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కుటుంబాన్ని తీసుకుందాం. పెట్రోలు కారు లీటరుకి 15 కిలోమీటర్లిస్తే 67 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయలనుకుంటే ఏడువేల పైచిలుకు. అదే ఎలక్ట్రిక్‌ కారు యూనిట్‌కి ఏడు కిలోమీటర్లిస్తే, చార్జింగ్‌లో వృథా అయ్యేదీ కలుపుకొని 160 యూనిట్లు. ఇంట్లో యూనిట్‌ 9 రూపాయలనుకుంటే 1,440 రూపాయలు. నెలకు మిగిలేది దాదాపు 5,700. ఎనిమిదేళ్లకు దాదాపు అయిదున్నర లక్షలవుతుంది. ఇంజిన్‌ ఆయిలూ, క్లచ్చూ, స్పార్క్‌ప్లగ్గుల ఖర్చుండదు. బ్రేకులు తక్కువ అరుగుతాయి. కారు బరువెక్కువ కాబట్టి టైర్లు మాత్రం కాస్త ముందే అరుగుతాయి.

అదే నెలకు 300 కిలోమీటర్లు తిరిగేవారికి? ఎనిమిదేళ్లకు మిగిలేది లక్షా అరవై వేల చిల్లర. కారు ధరలో తేడా అంతకన్నా ఎక్కువుంటే అది నష్టబేరమే. అంటే, ఎలక్ట్రిక్‌ కారు షెడ్డులో ఉంచితే బరువు, తిప్పితే లాభం!

మరి బ్యాటరీ ధర? బ్లూమ్‌బర్గ్‌ఎన్‌ఈఎఫ్‌ సంస్థ లెక్కల ప్రకారం 2010లో ఒక్కో యూనిట్‌ సామర్థ్యానికి వెయ్యి డాలర్లకు పైన ఉన్న ధర, 2024కి 115 డాలర్లకు దిగింది. ఆ లెక్కన 30 యూనిట్ల బ్యాటరీ మూడు లక్షల రూపాయల దగ్గరికొస్తుంది. అది కంపెనీలు టోకుగా కొనే ధర. సర్వీస్‌ సెంటర్‌లో మనకిచ్చే బిల్లు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అయితే ప్రతిసారీ మొత్తం మార్చాల్సిన పనిలేదు. చాలా బ్యాటరీలు కొన్ని భాగాలుగా ఉంటాయి. పాడైన భాగాన్ని మాత్రమే మార్చే వీలున్న మోడళ్లున్నాయి. కొనే ముందే ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

చిన్నక్షరాలు చదివారా?

ఎనిమిదేళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్లు... బ్యాటరీకి ఎక్కువగా వినిపించే వారంటీ ఇది. 2024, 2025ల్లో మహీంద్రా, టాటా, ఎంజీ కంపెనీలు కొన్ని మోడళ్లకు ఏకంగా 'జీవితకాల వారంటీ' ప్రకటించాయి. వినడానికి బాగుంది కదా! కానీ అది మొదటి యజమానికి. టాటా లెక్కలో జీవితకాలమంటే రిజిస్ట్రేషన్‌ నుంచి 15 ఏళ్లు. కారు చేతులు మారితే షరతులూ మారతాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఈ కాగితం చదవకుండా బయానా ఇవ్వకూడదు. సామర్థ్యం ఎంతకు పడిపోతే వారంటీ వర్తిస్తుందన్నదీ చూడాలి. 70 శాతం కన్నా తగ్గితేనే అన్నది తరచూ కనిపించే షరతు.

బీమా సంగతీ అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఎలక్ట్రిక్‌ కారు బ్యాటరీలకు ఎక్కువగా ఉండే ఐపీ67 ప్రమాణానికి అర్థం, మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని. అరగంట... రోజులు కాదు! నీట మునిగిన బ్యాటరీకి పాలసీ వర్తిస్తుందా, విడిగా బ్యాటరీ రక్షణ తీసుకోవాలా అన్నది ఏజెంటును అడిగి రాయించుకోవాలి. మునిగిన కారును స్టార్ట్‌ చేసి చూడటం, చార్జింగ్‌ పెట్టడం మాత్రం అసలు చేయకూడదు.

ఆయుష్షు పెరగాలంటే...

* ఇంటి చార్జింగే రోజువారీ భోజనం. ఫాస్ట్‌ చార్జింగ్‌ ప్రయాణాల్లో తినే హోటల్‌ భోజనం. ఎప్పుడో అయితే ఫర్వాలేదు, రోజూ అయితే ఒంటికి పడదు.

* ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీలను అప్పుడప్పుడూ నూరుశాతం చార్జ్‌ చేయమని చాలా కంపెనీలు చెబుతాయి. మీటరు సరిగా చూపడానికి అది అవసరం. నికెల్‌ ఉన్న రకాలకైతే రోజూ 80 శాతం చాలు. మీ కారు ఏ రకమో మాన్యువల్‌లో ఉంటుంది.

* వేసవిలో నీడన నిలపండి. వూరెళ్లేటప్పుడు నిండుగానూ, పూర్తిగా ఖాళీగానూ వదలకుండా సగం చార్జింగ్‌తో ఉంచండి.

* ఇంట్లో ఎర్తింగ్‌ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. 'చార్జర్‌ పాడైంది' అనుకునే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం గోడలోని ఎర్తింగే.

* పాత కారు కొంటుంటే కంపెనీ సర్వీస్‌ సెంటర్‌లో బ్యాటరీ ఆరోగ్య నివేదిక తీయించండి. కిలోమీటర్ల రీడింగ్‌ కన్నా అదే ముఖ్యం. కారును లిఫ్ట్‌ మీద ఎక్కించి అడుగున బ్యాటరీ పెట్టెకు దెబ్బలు తగిలాయేమో చూడండి.

కారు దిగినా కొలువుంది

సామర్థ్యం 70 శాతానికి పడిపోయిన బ్యాటరీ కారుకు చాలకపోవచ్చు. కానీ ఒకచోట కదలకుండా కూర్చుని కరెంటు దాచుకునే పనికి నిక్షేపంగా సరిపోతుంది. 2018లో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న యోహాన్‌ క్రైఫ్‌ ఫుట్‌బాల్‌ స్టేడియంలో 148 లీఫ్‌ కార్లకు సరిపడా బ్యాటరీలతో ఓ భారీ విద్యుత్‌ నిల్వ కేంద్రం పెట్టారు. అందులో కొన్ని, కార్లలో పనిచేసి రిటైరైనవే! మనదేశంలోనూ 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం, వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైకిల్‌ చేయించే బాధ్యత తయారీదారులదే.

అంటే... మూడేళ్లకే చేతులెత్తేసే రోజులు పోయాయి. వేడికి దూరంగా ఉంచి, కాగితాలు చదివి, తగినంత తిప్పుకునే ఇంట్లో బ్యాటరీ దానంతటది కారుతోపాటే పెద్దదవుతుంది. కారు ప్రయాణం ముగిశాక కూడా ఎక్కడో ఒకచోట దీపం వెలిగిస్తూనే ఉంటుంది!