చింత – చికిత్స

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని కోనరావుపేట ప్రాంతమున సేద్యము చేయు కుటుంబములు పెక్కు కలవు. చేరువనున్న సిరిసిల్ల పట్టణము మరమగ్గములకు ప్రసిద్ధి. అచ్చటివారు వానిని సాంచాలందురు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి పలువురు బతుకుదెరువునకై గల్ఫు దేశములకు పోవుచున్నారు. వాన రాకున్న రైతునకు చింత. గుడ్డకు గిరాకి తగ్గిన నేతగానికి చింత. దూరదేశమునుండి ఫోను రాకున్న ఇల్లాలికి చింత.

ఇట్టి చింత రోగము కాదు. అది ప్రకృతి యొసగిన రక్షణ. పొలము గట్టున పాము కనబడినచో గుండె వడిగా కొట్టుకొనును, ఊపిరి వేగమగును, కండరములు బిగియును. మూత్రపిండములపైనున్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి వదలుటయే ఇందుకు ముఖ్యకారణము. పోరాడుటకో పారిపోవుటకో దేహము ఇట్లు సిద్ధపడునని అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో వివరించెను. పాము పోయిన కొంతసేపటికి దేహము కుదుటపడును.

కొందరికి పాము లేకున్నను ఈ కలవరము విడువదు. ఎనిమిదవ తరగతి చదువు ఒక బాలికను ఉదాహరణముగా గైకొనవచ్చును. తండ్రి గల్ఫులో నున్నాడు. వారము వారము క్షేమవార్త వచ్చుచునే యున్నది. ఐనను ఆమెకు నెమ్మది లేదు. తండ్రికేమగునో, తల్లికి జబ్బు చేయునేమో, పరీక్ష తప్పుదునేమో, బస్సు అందదేమో – ఒక చింత విడువగానే మరియొకటి పట్టుకొనును. రాత్రి నిద్ర రాదు. పగలు చదివినది తలకెక్కదు. మెడయు భుజములును పట్టివేయును. చిన్న మాటకే విసుగు వచ్చును. ఇంటివారు దిష్టి తగిలినదందురు. బడిలో సోమరి యందురు. ఆమె సోమరి కాదు, రోగి.

1980లో అమెరికా మనోవైద్యుల సంఘము తన వ్యాధుల పట్టికలో దీనిని ప్రత్యేక రుగ్మతగా చేర్చెను. తెలుగున సార్వత్రిక ఆందోళన రుగ్మత యనవచ్చును. నిలుకడలేమి, త్వరగా అలసట, ఏకాగ్రత లోపించుట, చిరాకు, కండరముల బిగువు, నిద్రలేమి – ఇవి యారు దీని లక్షణములు. అదుపునకు రాని చింతతోపాటు వీనిలో మూడైనను పెద్దలయందు, ఒకటైనను బాలలయందు ఆరు నెలలపాటు తరచుగా కనబడి, నిత్యకృత్యములకు అడ్డు వచ్చినచో వైద్యులు ఈ రుగ్మతగా నిర్ణయింతురు. థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేసినను గుండెదడ, వణకు కలుగును. కావున ఎవరికి వారే నిర్ణయించుకొనరాదు. వైద్యుని పరీక్ష అవసరము.

చింతను అదుపులో నుంచుటకు కొన్ని సులభోపాయములు కలవు. ఊపిరిని మెల్లగా పీల్చి, అంతకంటె మెల్లగా వదలవలెను. చింతలను కాగితముపై వ్రాసి, తన చేతిలోనివి యేవో, కానివి యేవో విడదీయవలెను. పరీక్షకు చదువుట బాలిక చేతిలోనిది; సముద్రమున కావలనున్న తండ్రి యారోగ్యము ఆమె చేతిలో లేదు. పదే పదే ఫోను చేసి క్షేమమడుగుట క్షణకాలము ఊరట నిచ్చును గాని, తుదకు అది చింతకు మేతయే యగును. టీ, కాఫీలు తగ్గించుట, వేళకు నిద్రించుట, దినదినము ఆడుకొనుట మేలు చేయును.

ఇంతటితో తగ్గనిచో మనోవైద్యుని ఆశ్రయింపవలెను. ఆలోచనల తీరును సవరించు సంభాషణ చికిత్స కలదు. 1960 దశకమున ఆరన్ బెక్ అను వైద్యుడు దీనికి పునాది వేసెను. అవసరమైనచో మందులును కలవు. హైదరాబాదులోని ఎర్రగడ్డ యందు ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము టెలి మానస్ అను సేవను ఆరంభించెను. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు ఉచితముగా సలహా లభించును, తెలుగునను మాటాడవచ్చును. బ్రతుకుపై విరక్తి తోచినవారు క్షణమైనను జాగు చేయక దగ్గరి పెద్దలకు చెప్పవలెను.

జ్వరము వచ్చినదని చెప్పుటకు ఎవరును సిగ్గుపడరు. మనసు నలత చెందినదని చెప్పుటకును సిగ్గు అక్కరలేదు. ఆ బాలిక ఒకనాటి రాత్రి, "అమ్మా, నాకు ఊరకనే భయమగుచున్నది" అని తల్లితో చెప్పిన, తల్లి కసరక ఆలకించిన, చికిత్సలో తొలి మెట్టు అదియే.