పాత పటంలో మన వాగులు

మొన్న మా సోషల్ సారు క్లాసుకు ఒక పాత పటం తెచ్చారు. వెనక గుడ్డ అతికించి ఉంది, మడతల దగ్గర చినిగింది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు గీసినది. పటంలో ఒక అంగుళం అంటే నేల మీద ఒక మైలు. మన సంగారెడ్డి ఉండే పటాల నంబరు 56 కె. వాటికి పడమటి హద్దు 78 డిగ్రీల రేఖాంశం. 1802లో మద్రాసులో లాంబ్టన్ దొర మొదలుపెట్టిన దేశం కొలత, తర్వాత ఇంచుమించు ఈ గీత వెంబడే ఉత్తరానికి పోయింది. (పరీక్షలో రాదు గాని గుర్తు పెట్టుకోండి.)

గోధుమరంగు గీతలు ఎత్తును చెబుతాయి. ఒకే గీత మీద ఎక్కడైనా ఎత్తు ఒక్కటే. ఆ గీత వాగును దాటేచోట మొనదేలి ఉంటుంది. మొన చూపేది నీళ్లు వచ్చే దిక్కు. ఇది తెలిస్తే బాణం గుర్తు లేకున్నా నది ఎటు పారుతుందో చెప్పొచ్చు. మహారాష్ట్ర బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర మన సంగారెడ్డి దగ్గర ఉత్తరానికి మళ్లి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది.

నీలం రంగు ఏడాదంతా ఉండే నీళ్లకు. నల్ల గీత ఎండిపోయే వాగుకు. నక్కవాగులో కలిసే మా తాండ వాగు పటంలో సన్నని నల్ల గీత. తాండ మాత్రం లేనే లేదు!

సెలవులకు పోయినప్పుడు మా దాదాకు ఈ సంగతి చెప్పిన. ఆయన నవ్విండు. "ఎండిన వాగని రాసిండ్రా? మేం ఎండాకాలంల ఇసుకల చెలిమ తీసి ఆ నీళ్లే తాగినం బిడ్డా. పసులు గూడ తాగినయ్" అన్నడు. ఇసుక కింది నీళ్లను పటం చూపదు కదా.

1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చింది. ఆ తర్వాత మా వాగు ఎండాకాలంలో కూడా పారిందట, మందుల కంపుతో. పటం లెక్కన దానికి నీలం రంగు వేయాలి. చెలిమలు మాత్రం పూడ్చిండ్రు. ఈ ప్రాంతపు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది.

కింద అంటించినది నేను గీసిన నకలు. దాదా చెప్పిన చెలిమల దగ్గర మూడు చుక్కలు పెట్టిన. మీ తాండలు ఎక్కడో చెబితే అవి కూడా పెడతా. నీలం పెన్సిల్ అయిపోయింది, వార్డెన్ సారు ఇప్పిస్తే మంజీర పూర్తి చేస్తా.