గుడ్డ ముక్క వేసేది ఒకరు... గుంతలో దిగేది ఇంకొకరు

గీసుగొండ: మరుగుదొడ్డి కట్టుకోవడం ఒక ఎత్తయితే, దాన్ని ఏళ్ల తరబడి నడుపుకోవడం మరో ఎత్తు. స్వచ్ఛ భారత్ పథకం 2014లో మొదలయ్యాక ఇంటికి 12 వేల రూపాయల సాయంతో ఊరూరా మరుగుదొడ్లు లేచాయి. కట్టేనాడు మేస్త్రీ వచ్చాడు, బిల్లు కోసం ఫొటో తీసేవారూ వచ్చారు. దాంట్లో ఏది పోయవచ్చు, ఏది పోయకూడదు అన్నది ఇంటివారిని కూర్చోబెట్టి చెప్పినవారు మాత్రం తక్కువ. అందుకే నాలుగేళ్లు తిరక్కముందే నీళ్లు దిగకపోవడం, ఇల్లంతా వాసన, చివరకు దొడ్డికి తాళం వేసి మళ్లీ చెంబు పట్టుకుని చెరువు కట్టకు నడవడం. ఇందులో చాలా భాగం చేతులారా తెచ్చుకున్నదే.

గంగదేవిపల్లి గుంత

గీసుగొండ మండలం గంగదేవిపల్లి పేరు మన ప్రాంతంలో వినని వారుండరు. ఆ ఊళ్లో 2017 ఫిబ్రవరి 18న ఒక వింత జరిగింది. అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, 23 రాష్ట్రాల నుంచి వచ్చిన అధికారులను వెంటబెట్టుకుని వచ్చి, ఒక మరుగుదొడ్డి గుంతలోకి స్వయంగా దిగి, అందులో ఉన్నదాన్ని తోడి బయట పోశారు. ఢిల్లీలో కుర్చీలో కూర్చునే అంతటి అధికారి దొడ్డి గుంతలో దిగడమేమిటని ముక్కున వేలేసుకోవలసిన సంగతే. ఆ నెలాఖరులో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ కూడా రేడియో ప్రసంగంలో దీన్ని ప్రస్తావించారు. గుంతలోంచి వచ్చింది మాత్రం చేలో చల్లుకునే ఎరువు. అప్పటికే మాగి మట్టిలా మారిపోయింది.

అది జంట గుంతల దొడ్డి. లోపలి గోడకు ఇటుకల మధ్య సందులు వదిలి రెండు గుంతలు కడతారు. నీళ్లు ఆ సందుల్లోంచి చుట్టూ ఉన్న మట్టిలోకి ఇంకుతాయి, మలం అడుగున మిగులుతుంది. ఆరుగురున్న ఇంటికి ఒక గుంత నిండడానికి సుమారు అయిదేళ్లు పడుతుంది. అప్పుడు మధ్యనున్న చిన్న తొట్టిలో దారి మార్చి రెండో గుంతకు వదలాలి. మూసిన గుంతను ఏడాది ముట్టకుండా ఉంచితే మట్టిలోని సూక్ష్మజీవులే ఆ పని పూర్తి చేస్తాయి. నులిపురుగుల గుడ్లు మొండివి కనుక రెండేళ్లు ఆగితే మరీ మంచిది.

అయ్యర్ గారు దిగిన గుంతలో పిల్లల డైపర్లు, గుట్కా పొట్లాలు, పాత చీర పీలికలు నిండి ఉంటే ఎరువు అలా చేతికి వచ్చేదా? అలాంటి గుంతలో ఏ కార్యదర్శీ దిగడు. దానికి ఎవరిని పిలుస్తామో, ఏ వాడ నుంచి పిలుస్తామో మనందరికీ తెలుసు.

ఎవరి ప్రాణం?

సెప్టిక్ ట్యాంకు సంగతి ఇంకా కష్టం. అందులో గాలి ఆడదు. మలం కుళ్లే కొద్దీ మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువులు పుడతాయి. రెండోది మొదట కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు అక్కడే కూలిపోతాడు. అతన్ని లాగబోయి దిగిన రెండో మనిషీ పోతాడు. ట్యాంకు ప్రమాదాల్లో ఒకరితో ఆగకుండా ఇద్దరు ముగ్గురు చనిపోవడానికి కారణం ఇదే.

ఎవరైనా సరే, రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులో దింపి శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నేను ఇంటి యజమానిని, నాకేం సంబంధం అంటే కుదరదు. మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. అంతకు ముందు ఆ మొత్తం 10 లక్షలు. డబ్బు ఎంత పెరిగినా పోయిన మనిషి తిరిగి రాడు. ఆ మనిషిని దింపవలసిన అవసరం తెచ్చేది చాలాసార్లు ఓ గుడ్డ ముక్కే. ట్యాంకరు పైపు బురదను లాగుతుంది గాని గుడ్డను లాగదు. అది అడ్డం పడితే ఇంజను ఆపి, ఎవరో ఒకరు చెయ్యి పెట్టవలసిందే.

దొడ్డిలో పడవలసినవి మూడే: మలం, మూత్రం, కడుక్కున్న నీళ్లు. పట్నం నుంచో అమెరికా నుంచో వచ్చిన చుట్టాలు వాడే మెత్తని కాగితం నీళ్లలో విచ్చిపోతుంది కనుక కొద్దిగా పడితే ఫర్వాలేదు. వార్తాపత్రిక కాగితం మాత్రం పనికిరాదు, మా పత్రికైనా సరే. దుకాణాల్లో దొరికే తడి కాగితాలు చూడటానికి కాగితాలే గాని, నీళ్లలో ఎన్నాళ్లున్నా చిరగవు.

ఆడవాళ్లు బయటకు చెప్పుకోలేని సంగతి ఒకటుంది. నెలసరి ప్యాడ్లు, గుడ్డలు ఎక్కడ వేయాలి? చెత్తబుట్టలో వేస్తే కుక్కలు లాగుతాయి, నలుగురూ చూస్తారు. చాటుగా ఉండేది దొడ్డి ఒక్కటే కనుక అందులోకి తోస్తారు. ప్యాడు నీళ్లు పీల్చి ఉబ్బి గొట్టాన్ని బిగించేస్తుంది. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. దొడ్డి లోపలే మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టి, కాగితంలో చుట్టి వేసే వీలు కల్పించడం ఇంటి మగవారి పని. పల్లె ప్రగతిలో పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చాయి. ఈ చెత్తను పొడి చెత్తలో కలపకుండా విడిగా తీసుకునే ఏర్పాటు సర్పంచులు చూడాలి. డైపర్లకూ అదే దారి, అయితే లోపలి మలాన్ని ముందు దొడ్డిలో దులపాలి.

తల దువ్విన వెంట్రుకలు, కోడి ఈకలు, పొయ్యి బూడిద, బీడీ ముక్కలు, షాంపూ పొట్లాలు, మిగిలిన కూర నూనె... అన్నీ నీళ్లు పోయగానే కంటికి కనబడకుండా పోతాయి. పోవడమంటే బేసిను కింది వంపులోనో, గుంత గోడ సందుల్లోనో చిక్కుకోవడం. సందులు పూడితే నీళ్లు ఇంకవు, అయిదేళ్ల గుంత రెండేళ్లకే నిండుతుంది. స్నానం నీళ్లు, బట్టలుతికిన నీళ్లు కూడా ఇందులోకి వదలరాదు. వాటికి వేరే ఇంకుడు గుంత ఉండాలి.

బేసిను తెల్లగా మెరవాలని సీసాలకు సీసాలు ఆసిడ్ పోసే ఇళ్లున్నాయి. మలాన్ని మట్టిగా మార్చే సూక్ష్మజీవులు దాంతో చస్తాయి. బ్రష్షు, కాస్త సబ్బు పొడి చాలు. ఆసిడ్, బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఎన్నడూ కలపకూడదు, క్లోరిన్ పొగ పుట్టి ఊపిరి ఆడదు.

పత్తి, మిర్చి రైతులకు మరో మాట. మందు కొట్టగా మిగిలిన నీళ్లు, డబ్బా కడిగిన నీళ్లు దొడ్డిలో పారబోయడం కొందరికి అలవాటు. ఆ విషం గుంతలోంచి భూమిలోకి, అక్కడి నుంచి చేదబావికో బోరుకో చేరుతుంది. డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు పంపులోనే పోసి చేలో కొట్టేయాలి. గుంత ఎప్పుడూ బావికి పది మీటర్ల దూరంలోనైనా ఉండాలి.

ట్యాంకరు తీసుకెళ్లిందంతా ఎక్కడికి పోతుంది? వరంగల్ మహానగర పాలక సంస్థ 2016లో ఈ ట్యాంకర్లకు నిబంధనలు పెట్టింది. 2017లో అమ్మవారిపేట దగ్గర రోజుకు 15 వేల లీటర్ల మలవ్యర్థాన్ని శుద్ధి చేసే కేంద్రం వచ్చింది. పల్లెల్లో ట్యాంకరు పిలిచేవారు ఎక్కడ పోస్తావని ఒక మాట అడగాలి. రాత్రి పూట వాగులో వదిలితే, తాగేది కింది ఊరివారు.

ఇప్పటికే ఒకే గుంత ఉన్నవారు దాని లోతు ఎంత ఉందో అంత దూరంలో రెండోది తవ్వించి, మధ్యలో తొట్టి కట్టించుకోవచ్చు. రేగడి నేలలో నీళ్లు త్వరగా ఇంకవు గనుక గుంత చుట్టూ ఇసుక నింపమని మేస్త్రీకి చెప్పాలి. రెండు గుంతలకూ ఒకేసారి నీళ్లు వదలరాదు. మొదటిది మూసిన రోజు తేదీని దొడ్డి గోడ మీద పెయింటుతో రాసిపెట్టాలి. కోడలు తెరిచేనాటికి అత్తకు గుర్తుండకపోవచ్చు.