బక్క ఒంటికి షుగర్ ఎందుకు?

2004లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ఇద్దరు పరిశోధకుల ఫొటో ఒకటి అచ్చయింది. ఒకరు పుణెలోని కేఈఎం ఆసుపత్రి పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్ శాస్త్రవేత్త జాన్ ఎస్. యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు బరువు సరిపోయిందా అని చూసే లెక్క) ఒకటే, 22.3. ఏ పట్టిక చూసినా ఇద్దరూ ‘నార్మల్’. స్కాన్ తీస్తే మాత్రం యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. యుడ్కిన్ మారథాన్‌లు పరుగెత్తే మనిషి. తన వ్యాయామమల్లా రోజూ పొద్దున లిఫ్టు తలుపులు మూసుకునేలోగా పరుగెత్తి ఎక్కడమేనని యాజ్ఞిక్ తన మీద తానే జోకు వేసుకున్నారు. జోకు బాగానే ఉందిగానీ, తేడా అంతా పరుగు వల్లే వచ్చింది కాదు. అందులో కొంత అమ్మ కడుపులోనే మొదలవుతుందని యాజ్ఞిక్ బృందం చాలా ఏళ్లుగా చెబుతోంది.

షుగర్ రిపోర్టు చేతికొచ్చినప్పుడు మనవాళ్ల నోట ముందుగా వచ్చే మాట ఒకటుంది: “నేనంత లావేం లేనే, స్వీట్లు కూడా పెద్దగా తిననే!” చాలాసార్లు అది నిజమే. దేశమంతా తిరిగి 1.13 లక్షల మందిని పరీక్షించి 2023లో ఫలితాలు వెల్లడించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే లెక్క ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. ‘బార్డర్‌లో’ ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ, 13.6 కోట్లు. తిండి ఎక్కువై వచ్చే జబ్బని మాత్రమే అనుకుంటే ఈ అంకెలు అర్థం కావు.

పుణె చుట్టుపక్కల ఊళ్లలో 1990లలో పుట్టిన పిల్లలను యాజ్ఞిక్ బృందం తూచింది. సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు. మన పిల్లల్లో ఆ తరుగు అన్నిచోట్లా సమానంగా లేదు. కండ బాగా తక్కువ, పొట్టలోని అవయవాలు చిన్నవి, చర్మం కింద కొవ్వు మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. అమ్మకు తిండి చాలనప్పుడు కడుపులో బిడ్డ ఉన్నదాంట్లో మెదడును కాపాడుకుంటుంది, కండలో కోత పెట్టుకుంటుంది, కొవ్వును దాచుకుంటుంది. కరువుకు తగ్గ సర్దుబాటే అది. చిక్కల్లా పెద్దయ్యాక కరువు పోయి మూడు పూటలా అన్నం దొరికినప్పుడు. తిన్నాక రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటా తీసుకోవాల్సింది కండరాలే. ఆ కండే తక్కువైతే మిగిలిన చక్కెర రక్తంలోనే తిరుగుతుంది.

దీనికి విరుగుడు ఉందా అన్న ప్రశ్నకు ఒక జవాబు మన హైదరాబాద్ పక్కనే దొరికింది. ఈ సంగతి మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ నగరం చుట్టుపక్కల 29 ఊళ్లను ఎంచుకుంది. అందులో 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో వండిన ఉప్మా అది. గర్భిణికి రోజుకు సుమారు 500 కేలరీలు, పిల్లలకు 300. మిగతా ఊళ్లకు ఆ పథకం అప్పటికి చేరలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్లవాళ్లయ్యాక పరిశోధకులు మళ్లీ వెళ్లి కొలిచారు. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. వాళ్లలో ఇన్సులిన్‌కు ఒళ్లు లొంగని గుణం 20 శాతం తక్కువ. రక్తనాళాలు కూడా కాస్త మెత్తగా ఉన్నాయి. 2008లో ఈ ఫలితాలు ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వచ్చాయి. ఊళ్లను చీటీలు తీసి ఎంచలేదు కాబట్టి దీన్ని తిరుగులేని రుజువు అనలేం. అప్పటికి ఆ పిల్లలకు షుగర్ వచ్చే వయసూ కాదు. అయినా ఉప్మా అంటే మొహం చిట్లించేవాళ్లు ఈ కథ ఒకసారి వినాలి.

కడుపులో ఆకలి చేటైనట్లే, తొలినాళ్లలో పంచదార కూడా చేటే. ఈ రెండో మాటకు రుజువు బ్రిటన్ నుంచి వచ్చింది. యుద్ధకాలంలో అక్కడ చక్కెరకు పెట్టిన రేషన్ 1953 సెప్టెంబరు దాకా నడిచింది. ఎత్తేయగానే వాడకం దాదాపు రెట్టింపయింది. దానికి కాస్త ముందూ వెనకా పుట్టినవాళ్లను పోల్చి చూసిన పరిశోధన 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. కడుపున పడ్డప్పటి నుంచి మొదటి వెయ్యి రోజులూ రేషన్‌లో గడిపినవాళ్లకు టైప్ 2 మధుమేహం ముప్పు సుమారు 35 శాతం తక్కువ. వచ్చినా నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. చంటిపిల్లల పాలల్లో మురిపెంగా చెంచా పంచదార కలిపే బామ్మలకు, అమ్మమ్మలకు ఈ సంగతి మెల్లగా చెప్పాలి.

కడుపులో జరిగింది ఇప్పుడు మార్చలేం. కంచం మార్చుకోవచ్చు. 2025లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చిన ఇండియాబ్ విశ్లేషణ ప్రకారం మనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవే. బియ్యం మానేసి గోధుమపిండికో చిరుధాన్యాల పిండికో మారినంత మాత్రాన ముప్పు తగ్గలేదు. మొత్తం పిండిపదార్థం తగ్గి, ఆ చోట పప్పో పెరుగో గుడ్డో చేరితేనే తగ్గింది. ‘షుగర్ వాళ్ల స్పెషల్’ అంటూ కొర్రల బిర్యానీ కడుపునిండా పెట్టే హోటళ్లు ఈ ముక్క చెప్పవు. రాగి సంగటి ముద్ద పెద్దదైతే అదీ పిండే. ముద్ద చిన్నది చేసి పప్పు గరిటె పెద్దది చేయడం ఇంట్లో ఎవరైనా చేయగల పని, ఖర్చూ పెద్దగా పెరగదు.

నడక సంగతీ అంతే. చెన్నైలో మధుమేహ వైద్యుడు రామచంద్రన్ బృందం 531 మంది బార్డర్ వాళ్లను సుమారు రెండున్నరేళ్లు గమనించింది. ఏమీ చేయనివాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక దారిలో పెట్టుకున్నవాళ్లలో 39.3 శాతానికే వచ్చింది. చిత్రమేమంటే వాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గనేలేదు. బరువు యంత్రం కదలడం లేదని నడక మానేసేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి.

ఇక అందరూ అడిగే బరువు తగ్గించే ఇంజెక్షన్లు. టిర్జెపటైడ్ ‘మౌంజారో’ పేరుతో 2025 మార్చిలో మన మార్కెట్‌లోకి వచ్చింది. స్థూలకాయంతోపాటు బార్డర్ షుగర్ ఉన్నవాళ్ల మీద మూడేళ్లకు పైగా పరీక్షిస్తే, మందు తీసుకున్నవాళ్లలో 1.3 శాతానికి, ఉత్తి సూది తీసుకున్నవాళ్లలో 13.3 శాతానికి మధుమేహం వచ్చింది. మందు గొప్పదే, సందేహం లేదు. కానీ ఆపితే బరువు తిరిగి వస్తుంది. తగ్గే బరువులో కొంత కండ కూడా పోతుంది. అసలే కండ తక్కువైన మన ఒంటికి అది చిన్న నష్టం కాదు. అవసరమైనవాళ్లు డాక్టరు చెబితే వాడాలి, కండ నిలిచే వ్యాయామం, మాంసకృత్తులు చూసుకుంటూ వాడాలి. పెళ్లికి సన్నబడాలని వాడే మందు కాదిది.

చిన్నప్పటి పోషకాహార లోపంతో బక్కపలచని యువతకు వచ్చే షుగర్‌ను 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య ‘టైప్ 5’గా గుర్తించింది. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి వైద్యుల కృషి దాని వెనక ఉంది. ఆకలికీ షుగర్‌కూ ఉన్న చుట్టరికాన్ని ఇప్పుడు అధికారికంగానే ఒప్పుకున్నట్లయింది. అందుకే నా దృష్టిలో అంగన్‌వాడీలో గర్భిణికి పెట్టే అన్నం, పాలు, గుడ్డు కూడా షుగర్ మందే. అక్కడ గుడ్డు ఎగ్గొట్టడం చిన్న అవినీతి కాదు.

ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఉంటే షుగర్ పరీక్ష తప్పక చేయించండి. షుగర్ తేలితే, కాన్పయ్యాక తగ్గిపోయిందిలే అని వదిలేయకండి. గర్భంతో ఉండగా షుగర్ వచ్చినవాళ్లకు తర్వాత టైప్ 2 వచ్చే ముప్పు మిగతావాళ్లకంటే సుమారు పది రెట్లు. బిడ్డ టీకాలకు ఆసుపత్రికి వెళ్లినప్పుడే ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య తల్లికీ ఆ పరీక్ష మళ్లీ చేయించండి.