గోడలే కథలు చెప్పే రైల్వేస్టేషన్

రైల్వేస్టేషన్ అనగానే మీకేం గుర్తొస్తుంది? టికెట్ల దగ్గర క్యూ, కూలీల హడావిడి, 'చాయ్ చాయ్' కేకలు, ఎప్పటికీ రాని బండి... అంతేగా! అయితే రండి, ఓసారి పోర్చుగల్ దేశంలోని పోర్టో నగరం దాకా వెళ్లొద్దాం. అక్కడి సావో బెంటో స్టేషన్‌లో అడుగు పెట్టినవాళ్లు రైలు మాట మరిచిపోయి, తలెత్తి గోడలకేసి చూస్తూ నిలబడిపోతారు.

ఆ గోడల నిండా దాదాపు 20,000 పింగాణీ పలకలు! తెల్లటి పలకల మీద నీలిరంగు బొమ్మలు. ఒక్కో పలక మీద ఉండేది బొమ్మలో చిన్న ముక్కే. అన్నీ వరసగా అతికిస్తేనే రాజుగారు గుర్రమెక్కుతారు, పల్లెపడుచులు ద్రాక్షపళ్లు కోస్తారు. ఈ పలకల్ని అక్కడివాళ్లు 'అజులేజు' అంటారు. నున్నటి చిన్న రాయి అనే అర్థమున్న అరబిక్ మాట నుంచి వచ్చిందా పేరు. బొమ్మలు వేసింది జోర్జ్ కొలాసో అనే చిత్రకారుడు. పని 1905లో మొదలైతే స్టేషన్ ప్రారంభమయ్యేసరికి 1916 వచ్చింది.

ఏ గోడ మీద ఏముంది?

లోపలికి వెళ్లగానే ఎడమవైపు గోడ చూడండి. పైన పాతకాలపు యుద్ధం. దాని కింద ఎగాస్ మోనిజ్ కథ. ఇది 12వ శతాబ్దం నాటి కథ. తన యువరాజు లొంగి ఉంటాడని పొరుగు రాజుకి మాటిచ్చాడాయన. యువరాజు ఆ మాట నిలబెట్టలేదు. 'మాటిచ్చింది నేను కదా, నా ప్రాణం తీసుకోండి' అంటూ భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని ఆ రాజు ముందుకెళ్లి నిలబడ్డాడు. రాజు మెచ్చి క్షమించాడని చెబుతారు. మన హరిశ్చంద్రుడు గుర్తు రావడం లేదూ? మాటిచ్చింది ఆయనే అయినా, పక్కన నిలబడ్డ ఆ ఇల్లాలి వైపు కూడా ఒక్క క్షణం చూడండి.

కుడివైపున పైన పెళ్లి సందడి. 1387లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఫిలిప్పాని పెళ్లాడడానికి రాజు జువావో ఈ ఊళ్లోకి వస్తున్న దృశ్యం. కింద, 1415లో వాళ్ల కొడుకులు పాల్గొన్న సెవుటా యుద్ధం. ఇవిగాక పంటకోతలు, నీటిమరలు, తీర్థాలు, సంతలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే పైన రంగురంగుల పట్టీలో బండ్ల కాలం నుంచి రైలు దాకా ప్రయాణాల కథ.

పునాదుల కింద ఓ కథ

ఈ స్టేషన్ కట్టిన చోట 16వ శతాబ్దం నుంచీ సన్యాసినుల మఠం ఉండేది. 1834లో ప్రభుత్వం మఠాలను రద్దు చేసింది. ఆడవాళ్ల మఠాలను మాత్రం వెంటనే ఖాళీ చేయించలేదు. కొత్తగా ఎవర్నీ చేర్చుకోకూడదు, ఉన్నవాళ్లలో చివరామె కన్నుమూసిన రోజున మఠం సర్కారుది అవుతుంది. అంతే! ఏళ్లు గడిచేకొద్దీ తోడున్నవాళ్లు ఒక్కరొక్కరే వెళ్లిపోతుంటే, ఖాళీ గదుల మధ్య మిగిలిన ఆ చివరామె రోజులెలా గడిచాయో! 1892లో ఆమె కూడా పోయింది. తర్వాత మఠాన్ని పడగొట్టారు. 1896లో మొదటి రైలొచ్చింది. రాజుల కథలు గోడలెక్కాయి గనక అందరికీ తెలుస్తాయి. ఈమె కథ మాత్రం ఎవరో ఒకరు చెబితేనే తెలుస్తుంది. అందుకే చెప్పాం. మీరూ నలుగురికీ చెప్పండి.

అంత దూరపు దేశంతో మనకేం పని అంటారా? మీ ఇంట్లో అలమారా ఉందా? ఇస్త్రీ చేస్తారా? చొక్కాలకి బొత్తాలు కుడతారా? ఈ మాటలన్నీ పోర్చుగీసువాళ్ల ద్వారా మనకొచ్చినవే. ఇంటికి పలకలు పరిచే మేస్త్రీ పేరు కూడా!

వెళ్లేవారికి నాలుగు మాటలు

మీ అబ్బాయో అమ్మాయో ఆ దేశాల్లో ఉంటే ఈ స్టేషన్ తప్పక చూడండి. ముందు హాలు చూడడానికి టికెట్ అక్కర్లేదు. రైళ్లు ఇప్పటికీ నడిచే స్టేషన్ కాబట్టి పొద్దున్నే వెళితే నయం. తల ఎత్తి చూస్తున్నప్పుడు చేతిసంచి మాత్రం భద్రం! తీరిక ఉంటే డౌరో నది వెంట వెళ్లే రైల్లో పిన్యావ్ స్టేషన్‌కీ వెళ్లండి. అక్కడ గోడలమీద 24 పలకల చిత్రాలున్నాయి. వాటిలో రాజులూ యుద్ధాలూ కాదు, ద్రాక్షతోటలూ, వాటిలో పనిచేసే మనుషులూ కనిపిస్తారు.