బంతాటలో బదిలీలు

బదిలీ అనే మాట వింటేనే ఉద్యోగస్థుల ఇళ్లలో గుండె గుభేలుమంటుంది. పైనుంచి కాగితం వస్తుంది. సామాను సర్దుకొని పోవడమే. ఫుట్‌బాలు క్లబ్బుల్లో పద్ధతి వేరు. ఆటగాడికీ క్లబ్బుకూ ఇన్నేళ్లని ఒప్పందం ఉంటుంది. గడువు తీరకముందే మరో క్లబ్బు అతణ్ణి కోరితే, మొదటి క్లబ్బుకు సొమ్ము చెల్లించి ఒప్పించుకోవాలి. ఆటగాడు కూడా సరేననాలి. గడువు తీరిందా, పైసా చెల్లింపు లేకుండానే పోవచ్చు. ఆఖరి ఆరు నెలల్లో కొత్తచోట సంతకం చేసుకొనే వీలు కూడా ఉంది. ఒక సీజనుకు అరువు ఇవ్వడమూ కద్దు.

ఇంత వివరం ఎందుకంటే, మన బెంగుళూరు ఎఫ్‌.సి. ఆటగాడెవరైనా మరో జట్టు చొక్కా తొడుక్కోగానే "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టాడు" అని తిట్టిపోసేవారు కంఠీరవ గ్యాలరీలో కొందరున్నారు. ఇంట్లో తెలుగు, మైదానంలో కన్నడం మాట్లాడుతూ నీలిచొక్కాల జట్టుకు గొంతు చించుకొనే మేము ఆ తిట్లలో గొంతు కలపలేము. కారణాలు మనవి చేస్తాము.

ఊరు విడిచి ఆడడం మనవాళ్లకు కొత్త కాదు. 1950 ప్రాంతాల్లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టు ముందువరుసకు "పంచ పాండవులు" అని పేరు. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే ఆ అయిదుగురు. వారిలో అహ్మద్ ఖాన్ మన బెంగుళూరు బిడ్డ. సికిందరాబాదు ప్రాంతపు తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టుకే వెళ్లి పేరు తెచ్చుకొన్నాడు. వారు వెళ్లారని ఈ ఊళ్లకు అప్రతిష్ఠ రాలేదు. వెళ్లినచోట మన ఊళ్ల పేరు నిలబెట్టారు.

ఇక మన క్లబ్బు సంగతి. 2013లో పుట్టింది. అడుగుపెట్టిన మొదటి సీజనులోనే ఐ-లీగు గెలిచింది. 2015-16లో మళ్లీ గెలిచింది. 2016లో ఏ.ఎఫ్‌.సి. కప్పు ఫైనలు చేరిన మొదటి భారతీయ క్లబ్బు అయింది. దోహాలో ఇరాకు జట్టు చేతిలో ఒక్క గోలుతో ఓడినా, ఆ మాట చెప్పుకోవడానికి మాకు నేటికీ గర్వమే.

2017లో మన క్లబ్బు ఇండియన్ సూపర్ లీగులో చేరింది. అప్పటి నిబంధన ప్రకారం పాతవారిలో కొద్దిమందినే అట్టిపెట్టుకొనే వీలుండెను. ఛేత్రీ, ఉదాంతా సింగ్ నిలిచారు. వినీత్ కేరళకు పోయాడు. మధ్యవరుసలో మనకు వెన్నెముకగా ఉన్న యూజిన్‌సన్ లింగ్డోను 1 కోటి 10 లక్షలకు కలకత్తా జట్టు తీసుకొన్నది. ఇందులో ఎవరి ద్రోహం ఉన్నది? పంపకాల్లో పాత్రలు ఎవరి వాటాకు వస్తే వారింటికి పోతాయి.

పోయినవారిని తిట్టరాదనడానికి రాహుల్ భేకే ఒక్కడు చాలు. 2019 మార్చి 17న బొంబాయిలో గోవాతో ఫైనలు. తొంభై నిముషాల్లో గోలు లేదు. అదనపు సమయంలో, 117వ నిముషంలో భేకే తలతో బంతిని గోలులోకి నెట్టాడు, కప్పు మనదయింది. అట్టివాడు 2021లో ముంబయి సిటీకి వెళ్లాడు. అక్కడ కెప్టెనై 2024లో వారికి కప్పు తెచ్చాడు. ఆ యేడే తిరిగి మన క్లబ్బుకు వచ్చాడు! వెళ్లేనాడు నోటికి వచ్చినట్టు తిట్టినవారు, వచ్చేనాడు ఏ ముఖంతో చప్పట్లు కొట్టాలి?

క్లబ్బు పెద్దలతో మాకు పేచీ లేకపోలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, పేరున్నవాణ్ణి తెచ్చి ఒక్క సీజను ఆడించి పంపే అలవాటు మాకు నచ్చదు. వెనిజులా దేశపు మికూ 2017-18లో 15 గోలులు చేసిన మాట నిజమే. అట్టివారు దొరికితే అదృష్టమే. కాని 2022లో వచ్చిన రాయ్ కృష్ణ, సందేశ్ ఝింగన్ ఇద్దరూ 2023లో వెళ్లిపోయారు. 2014 నుంచి ఉన్న ఉదాంతా కూడా ఆ యేడే గోవాకు పోయాడు. తర్వాతి సీజనులో పన్నెండు జట్లలో మనకు దక్కింది పదో స్థానం. ఒక్క కారణంతోనే అలా జరిగిందనలేము. కాని ఒకరి ఆట ఒకరికి అలవాటయ్యేలోగా జట్టు చెదిరిపోతే బంతి ఎవరి మాట వింటుంది?

అందరూ వచ్చి పోతున్నా 2013 నుంచీ జట్టుకు మూలస్తంభం సునీల్ ఛేత్రీ. పుట్టింది సికిందరాబాదులో కనుక మన తెలుగువారికి మరి కాస్త ముద్దు. నలభయ్యేళ్ల వయసులో, 2024-25 సీజనులో, 14 గోలులు చేశాడు. ఆ లీగులో భారతీయులెవరూ అంతకన్న ఎక్కువ చేయలేదు. ఇది చూసి ఎంత సంతోషించామో అంత దిగులూ పడ్డాము. పెద్దకొడుకు నలభయ్యేట కూడా బండెడు బరువు మోస్తున్నాడంటే తమ్ముళ్లు ఎదగలేదనేగా!

కాని తమ్ముళ్లు లేకపోలేదు. మన రెండోజట్టులో తయారైన తమిళ కుర్రవాడు శివశక్తి 2022లో డ్యూరాండ్ కప్పు ఫైనలులో గోలు చేశాడు. అకాడమీ కుర్రవాడు వినీత్ వెంకటేశ్ 2024 సెప్టెంబరులో ఈస్ట్ బెంగాల్ మీద ఒకే ఒక్క గోలుతో మనలను గెలిపించాడు. ఇంట పెంచినవానికి విలువ ఉన్నదని నిబంధనలు కూడా ఒప్పుకొంటాయి. గడువులోపల సొమ్ముకు బదిలీ అయితే, ఆ సొమ్ములో నూటికి 5 వంతులు, 12 నుంచి 23 ఏళ్ల వయసులో ఆ ఆటగాణ్ణి తీర్చిన క్లబ్బులకు పంచాలి.

చివరిగా ఒక్కమాట. 2025 జూలైలో లీగు నిర్వహణ ఒప్పందం తేలక ఆ సీజను వాయిదా పడింది. ఆగస్టులో మన క్లబ్బు మొదటిజట్టు ఆటగాళ్ల జీతాలు, సిబ్బంది జీతాలు నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. క్లబ్బు ఇబ్బంది క్లబ్బుది, కాదనము. కాని ఒకటో తారీఖున జీతం రాకపోతే ఇంట్లో ఎలా ఉంటుందో మన కుటుంబాలకు ఒకరు చెప్పాలా? పచారీ కొట్టువాడు ఆగడు, బడి ఫీజు ఆగదు. ఆటగాడి కాళ్లకు బలం ఉండేది పది పదిహేనేళ్లే. అందులో ఒక యేడు వృథా అయితే తిరిగి ఇచ్చేవారెవరు? ఎక్కువ జీతం కోసం పోయేవాణ్ణి లోభి అనేముందు ఈ లెక్క చూసుకోవాలి.

కనుక మా మనవి రెండే ముక్కలు. పెద్దలు పేరున్నవారిని తెచ్చినా తేకపోయినా, తయారైన కుర్రవాళ్లకు నాలుగేళ్లు కలిసి ఆడే అవకాశం ఇవ్వాలి. మనం వచ్చేవారికి ఎంత కేక వేస్తామో, పోయేవారికీ అంత కేక వేసి సాగనంపాలి. బిడ్డలను పెద్ద ఆటలకే కాక కుర్రజట్ల ఆటలకు కూడా తీసుకుపోండి. అక్కడ జనం పలుచగా ఉంటారు; మన చప్పట్లు వాళ్లకు బాగా వినిపిస్తాయి.